పదవీ స్వీకారానికి ముందే నియామకాల మీద ఒత్తిడి తేవడం సబబేనా?

అశోక్‌నగర్_పాఠకుడు

వచ్చే తెలంగాణ శాసనసభ ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి కాబోయేవారికి, వారు ప్రమాణ స్వీకారం చేయకముందే అందజేయడానికి మా అధ్యయన బృందం ఇప్పటి నుంచే ఒక వినతిపత్రం సిద్ధం చేస్తోంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో, సమాచార కమిషన్‌లో, మానవ హక్కుల కమిషన్‌లో, విశ్వవిద్యాలయాల్లో ఎవరిని నియమించకూడదో పేర్లతో సహా రాయాలని కొందరు అంటున్నారు. పేర్ల జోలికి పోకుండా అర్హతలు, ఎంపిక పద్ధతి మాత్రమే అడగాలని మరికొందరు పట్టుబడుతున్నారు. గెలిపించిన తర్వాత పదవులు ఎవరికి ఇవ్వాలన్నది గెలిచినవారి ఇష్టమని, మనం తలదూర్చడమే తప్పని మా బృందంలోని ఒక పెద్దాయన తేల్చి చెప్పారు.

నాకు ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఆ రెండూ రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. కమిషన్ ఛైర్మన్ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది నా వయసుకూ, మా ఇంటి అప్పుకూ నేరుగా సంబంధించిన ప్రశ్న. కాబోయే నాయకుడి మీద ఇలాంటి ఒత్తిడి తేవడం సబబేనా, సబబైతే ఎంతవరకు అన్నది దయచేసి చెప్పండి.

విశ్రాంత_సూపరింటెండెంట్

మీ పెద్దాయన మాటతో నేను ఏకీభవిస్తాను. సచివాలయంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి లోపలి నుంచి చూసిన సంగతి చెబుతున్నాను. కొత్త ప్రభుత్వం వచ్చిన ప్రతిసారీ శాలువాలతో, పూలగుచ్ఛాలతో వచ్చేవారిలో చాలామంది జేబులో ఒక కాగితం ఉంటుంది. కుల సంఘాలు, ఉద్యోగ సంఘాలు, గుత్తేదారులు, పౌర సంఘాలు అందరూ ఫలానావారిని పెట్టండనో, ఫలానావారిని పెట్టవద్దనో అడుగుతారు. ఫైలు మీదికి వచ్చేసరికి అవన్నీ ఒకే రకం సిఫార్సులు అయిపోతాయి.

నియామకం చెడిపోతే శాసనసభలో సమాధానం చెప్పవలసింది ముఖ్యమంత్రి. వినతిపత్రం ఇచ్చినవారు ఎవరికీ సమాధానం చెప్పనవసరం లేదు. బాధ్యత లేనివారికి నిర్ణయంలో వాటా ఉండకూడదు.

సహ_దరఖాస్తుదారు

బాధ్యత గురించి చెప్పారు కాబట్టి నా అనుభవం వినండి. మా కాలనీలో నాలాను ఆనుకుని లేచిన ఒక కట్టడానికి ఇచ్చిన అనుమతి పత్రాల నకళ్లు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. గడువులో జవాబు రాలేదు, మొదటి అప్పీలుకూ రాలేదు. చట్ట ప్రకారం 90 రోజుల్లోపు కమిషన్‌కు రెండో అప్పీలు వేశాను. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ నేను అప్పీలు వేసే సమయానికి కమిషన్‌లో ఆ అధికారాన్ని వాడగల మనిషి ఒక్కరూ లేరు. సిబ్బంది ఉన్నారు, తపాలా తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు.

2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు తెలంగాణ సమాచార కమిషన్ పరిస్థితి అదే. అందులో కొన్ని నెలలు పాత ప్రభుత్వానివి, మిగిలినవి కొత్త ప్రభుత్వానివి. ఎవరినీ నియమించకుండా వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. ఆ నిర్ణయానికి శాసనసభలో ఎవరు సమాధానం చెప్పారో సూపరింటెండెంట్ గారు సెలవివ్వాలి. పౌర సంఘాలు గట్టిగా అడగకపోతే ఆ ఖాళీ ఇంకా కొనసాగేదని నా నమ్మకం.

చిక్కడపల్లి_పఠనాలయం

పైన చెప్పిన మాట అక్షరాలా నిజం. తగని వ్యక్తి కుర్చీలో ఉంటే ఆయన ఇచ్చిన ఉత్తర్వు మీద కోర్టుకు వెళ్లవచ్చు, ఖాళీ కుర్చీ నుంచి ఆ ఉత్తర్వు కూడా రాదు.

నల్లకుంట_వకీలు

చర్చలో రెండు వేర్వేరు రకాల పదవులు కలిసిపోతున్నాయి. మంత్రిమండలి ఒక రకం. రాజ్యాంగం 164వ అధికరణ ప్రకారం ముఖ్యమంత్రి సలహా మీద గవర్నరు మంత్రులను నియమిస్తారు, అక్కడ ముఖ్యమంత్రి విచక్షణ విశాలమైనది. సూపరింటెండెంట్ గారి వాదన అక్కడికి సరిపోతుంది. కమిషన్లు రెండో రకం. అవి ప్రభుత్వాన్ని గమనించడానికి, అవసరమైతే తప్పుపట్టడానికి ఏర్పడినవి. అందుకే చట్టమే ముఖ్యమంత్రి చేతిని కొంత కట్టింది. సమాచార కమిషనర్ల ఎంపిక కమిటీలో ముఖ్యమంత్రితో పాటు ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి సూచించిన ఒక మంత్రి ఉంటారు. మానవ హక్కుల కమిషన్ ఎంపికలోనూ ప్రతిపక్షానికి స్థానం ఉంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు మాత్రం అలాంటి కమిటీ రాజ్యాంగంలో లేదు. గవర్నరు నియామకం పేరుతో వాస్తవంలో ప్రభుత్వమే ఎంపిక చేస్తుంది. కాబట్టి బయటి నుంచి ప్రశ్నించవలసిన అవసరం అక్కడే ఎక్కువ.

ఇక పేర్లు రాయవచ్చా అన్న ప్రశ్న. 2010లో అవినీతి మీద నిఘా ఉంచే కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె. థామస్‌ను ఎంపిక చేసినప్పుడు, కేరళలో ఆయన మీద పెండింగులో ఉన్న పామోలిన్ నూనె దిగుమతి అవినీతి కేసును ఎత్తిచూపి కమిటీలో సభ్యురాలైన ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ అభ్యంతరం చెప్పారు. దాన్ని పక్కన పెట్టి నియమించారు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టివేసింది. వ్యక్తి దోషా నిర్దోషా అన్నది కాదు, ఆ వ్యక్తి రాకతో సంస్థ మీద నమ్మకం నిలబడుతుందా లేదా అన్నదే చూడాలని కోర్టు చెప్పింది. 2013లో పంజాబ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్ నియామకం విషయంలోనూ యోగ్యత, నిజాయితీ పరిశీలించకుండా చేసిన ఎంపిక నిలవదని తేల్చింది. ఆధారం చూపగలిగిన అభ్యంతరాన్ని నియామకానికి ముందే పేరుతో సహా చెప్పడం ప్రభుత్వానికి మేలు చేయడమే. తర్వాత చెబితే అది వ్యాజ్యం అవుతుంది, సంస్థ నెలల తరబడి స్తంభిస్తుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుణ్ణి ఒకసారి నియమించాక దుష్ప్రవర్తన కారణంగా తొలగించాలంటే 317వ అధికరణ కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టుకు నివేదించి విచారణ జరిపించాలి. అంత కష్టమైన తొలగింపు ఉన్నచోట ప్రవేశద్వారం దగ్గరే అడగడం న్యాయం.

పరిశోధక_విద్యార్థిని

వకీలు గారి వాదనలో "ఆధారం చూపగలిగిన" అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది. నేను చదివే విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవికి ఒక ఆచార్యుని పేరు వినిపించగానే సంతకం లేని కరపత్రం ఒకటి వచ్చింది. అందులోని ఆరోపణలు పత్రికల దాకా వెళ్లాయి. విచారణలో అవి నిలవలేదని తేలేసరికి ఎంపిక ముగిసిపోయింది. ఆ కరపత్రం రాసినవారు కూడా తమను ఉద్యమకారులుగానే చెప్పుకున్నారు.

పేర్లు రాయడం మొదలుపెడితే, నిజంగా పత్రాలు పట్టుకుని మాట్లాడేవారికీ, పగ తీర్చుకునేవారికీ తేడా సామాన్య పాఠకుడికి కనిపించదు. ఈ కారణం వల్ల నేను అర్హతల పక్షాన ఉంటాను.

కొండాపూర్_ఇంజినీరు

అమెరికాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. అక్కడ ఇది ప్రతి నాలుగేళ్లకూ బహిరంగంగా జరిగే వ్యవహారం, ఎన్నికకూ ప్రమాణ స్వీకారానికీ మధ్య రెండు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది కాబట్టి. పేర్లను లక్ష్యం చేసుకున్న ఒత్తిడి అక్కడ ఎలా పనిచేసిందో చెబితే ఇక్కడి చర్చకు ఉపయోగపడుతుంది.

2008 నవంబరులో ఒబామా గెలిచిన కొద్ది వారాలకే గూఢచార సంస్థ సీఐఏ అధిపతిగా జాన్ బ్రెన్నన్ పేరు వినిపించింది. బుష్ కాలపు చిత్రహింసల విధానంతో ఆయనకు సంబంధం ఉందని మనస్తత్వవేత్తలు, బ్లాగు రచయితలు తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ ఆరోపణను కాదంటూనే ఆయన తన పేరు ఉపసంహరించుకున్నారు. అందరూ విజయం అనుకున్నారు. అయితే 2009లో సెనేట్ ఆమోదం అక్కరలేని శ్వేతసౌధ సలహాదారు పదవిలో ఆయనే కూర్చున్నారు, 2013లో సీఐఏ అధిపతీ అయ్యారు.

2020లో బైడెన్ గెలిచాక రక్షణ మంత్రిగా మిషెల్ ఫ్లోర్నాయ్ పేరు ముందు వరుసలో ఉండేది. ఆమెకు ఆయుధ కంపెనీలతో, సలహా సంస్థలతో సంబంధాలు ఉన్నాయని యుద్ధ వ్యతిరేక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. బైడెన్ ఆమెను కాదని విశ్రాంత జనరల్ లాయిడ్ ఆస్టిన్‌ను ఎంచుకున్నారు. ఆస్టిన్ అప్పటికి రేథియాన్ అనే పెద్ద ఆయుధ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో సభ్యుడు. పైగా సైన్యం నుంచి విరమించి ఏడేళ్లు కాలేదు కాబట్టి ఆయన కోసం కాంగ్రెస్ ప్రత్యేక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. పేరు మారింది, అభ్యంతరానికి కారణం మాత్రం అలాగే ఉంది.

విశ్రాంత_సూపరింటెండెంట్

ఇంజినీరు గారు చెప్పినవి నా వాదనకే బలం చేకూరుస్తున్నాయి. అంత పెద్ద సంఘాలు, అంత వ్యవధి ఉన్న దేశంలోనే ఫలితం అలా ఉంటే, ధర్నా చౌక్‌లో ఒక పూట కూర్చుంటే ఇక్కడ ఏం మారుతుంది?

కొండాపూర్_ఇంజినీరు

మీరు చెప్పినంత నిరాశ అవసరం లేదు. అదే 2020లో ఆదివాసీ సంఘాలు, పర్యావరణ యువజన ఉద్యమాలు కలిసి అంతర్గత వ్యవహారాల శాఖకు డెబ్ హాలండ్ పేరును ముందుకు తెచ్చాయి. 2021 మార్చిలో ఆమె అమెరికా మంత్రిమండలిలో తొలి ఆదివాసీ మంత్రి అయ్యారు. ఆ శాఖ ఆదివాసీ భూములను చూసే శాఖ, అందువల్ల ఆ కోరికకు స్పష్టమైన తర్కం ఉంది. వద్దన్నవారు తిరిగి మరో తలుపు నుంచి వచ్చారు, కావాలన్నవారు నిలబడ్డారు. నా పరిశీలన ఇంతవరకే, దీన్ని సూత్రంగా చెప్పను.

పాతబస్తీ_టీచరమ్మ

నేను కావాలన్నవారి పక్షాన మాట్లాడదలచుకున్నాను. 2023 డిసెంబరు 7న ఎల్బీ స్టేడియంలో కొత్త మంత్రిమండలి ప్రమాణం చేసినప్పుడు అందులో ముస్లిం మంత్రి ఒక్కరూ లేరు. మా వైపు సంఘాలన్నీ అప్పటి నుంచి అడుగుతూనే వచ్చాయి. 2025 అక్టోబరు చివరన, జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు కొద్ది రోజుల ముందు, అజారుద్దీన్‌ను మంత్రిగా తీసుకున్నారు. ఎన్నికల కోసమే తీసుకున్నారని విమర్శించినవారు ఉన్నారు. కానీ అడగకపోతే ఎన్నికల కోసమైనా తీసుకునేవారు కాదని మేము అనుకుంటున్నాం.

వకీలు గారు మంత్రిమండలిని పక్కన పెట్టారు, అది నాకు నచ్చలేదు. 119 స్థానాల శాసనసభలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే మంత్రిమండలిలో చోటు ఉంటుంది. ఆ కొద్ది కుర్చీల కోసమే కులాలు, జిల్లాలు, మతాలు, స్త్రీలు అడుగుతారు. మమ్మల్ని అడగవద్దంటే, అడగకుండానే ఢిల్లీలో పని జరిపించుకోగలవారికి దారి వదిలినట్లే. పరిశోధక విద్యార్థిని చెప్పిన అర్హతల గురించి కూడా ఒక మాట. "పాలనా అనుభవం" అని రాస్తే చివరకు విశ్రాంత అధికారులే వస్తారు. మా బస్తీలో ఇరవై ఏళ్లుగా రేషన్ కార్డుల కోసం, బడి మానేసిన ఆడపిల్లల కోసం పనిచేసిన మనిషికి ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది.

నల్లకుంట_వకీలు

టీచరమ్మ గారి చివరి మాటకు చట్టంలోనే మద్దతు ఉంది. సమాచార కమిషనర్లుగా న్యాయం, శాస్త్ర సాంకేతికత, సామాజిక సేవ, మేనేజ్‌మెంట్, జర్నలిజం, మాధ్యమాలు, పరిపాలన రంగాల్లో విశేష అనుభవం ఉన్నవారిని తీసుకోవాలని సమాచార హక్కు చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. విశ్రాంత అధికారులతోనే కమిషన్లు నింపుతున్న ధోరణిని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. అదే తీర్పులో ఎంపిక ప్రమాణాలను ముందుగా ప్రకటించాలని, ఖాళీ ఏర్పడటానికి ఒకటి రెండు నెలల ముందే ప్రక్రియ మొదలుపెట్టాలని చెప్పింది. అదే 15వ సెక్షన్ ప్రకారం కమిషనర్‌కు ఏ రాజకీయ పార్టీతోనూ సంబంధం ఉండకూడదు. వినతిపత్రంలో ఈ నిబంధనలను సెక్షన్లతో సహా ఉటంకించండి. అప్పుడు అది సిఫార్సు కాగితం అవదు, చట్టం అమలు చేయమన్న డిమాండు అవుతుంది.

మూసీ_ఒడ్డు

ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. ఒత్తిడి తెచ్చేవారే తర్వాత పదవులు తీసుకుంటే ఏమవుతుంది? తెలంగాణ ఉద్యమ ఐక్య కార్యాచరణ సమితిని నడిపిన కోదండరామ్ గవర్నర్ కోటాలో శాసనమండలికి వెళ్లారు. ఎన్నికలకు ముందు సోషల్ డెమోక్రటిక్ ఫోరం తరఫున ఊరూరా తిరిగిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఆకునూరి మురళి 2024 సెప్టెంబరులో విద్యా కమిషన్ ఛైర్మన్ అయ్యారు. వారి యోగ్యతను నేను శంకించడం లేదు, ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. నన్ను బాధించేది మరొకటి. వారు లోపలికి వెళ్లిన తర్వాత బయట నిలబడి అడిగే గొంతులు తగ్గాయి. ఈ వినతిపత్రం మీద సంతకం చేసేవారు ఆ ప్రభుత్వ కాలంలో ఏ నామినేటెడ్ పదవీ తీసుకోబోమని అదే కాగితంలో రాయాలి.

సహ_దరఖాస్తుదారు

మూసీ ఒడ్డు గారూ, దీనితో నేను ఏకీభవించలేను. పని తెలిసిన మనిషిని నియమించమని మనమే అడిగి, పని తెలిసినవారందరినీ ముందే బయట నిలబెడితే కుర్చీలు మళ్లీ ఎవరికి పోతాయి? విద్యా కమిషన్‌లో ప్రభుత్వ బడుల గురించి తెలిసిన మనిషి ఉండటం మంచిదే.

మూసీ_ఒడ్డు

నియమించమని అడగండి, అడ్డు చెప్పను. ఆ వ్యక్తి మాత్రం సంతకం చేసినవారిలో ఉండకూడదు. అడిగేవారు, తీసుకునేవారు ఒకరే అయితే సూపరింటెండెంట్ గారు చెప్పిన శాలువాల వరుసలో మనమూ చేరిపోతాం.

పరిశోధక_విద్యార్థిని

ఈ తేడా నాకు సమంజసంగా ఉంది. సంతకం చేసేవారు వేరు, తగినవారు వేరు అని స్పష్టంగా ఉంటే, మా ఆచార్యునికి జరిగినట్లు సాటి ఆశావహులే కరపత్రాలు రాసే అవకాశం కొంత తగ్గుతుంది.

చిక్కడపల్లి_పఠనాలయం

మొదటి పోస్టు పెట్టినవారి ప్రశ్నకు, అంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు తిరిగి వస్తాను. లీకేజీ మీద నిరుద్యోగులు చేసిన ఆందోళనకు ఫలితం రాలేదని అనలేం. 2023 డిసెంబరులో అప్పటి ఛైర్మన్ రాజీనామా చేశారు. కొత్త ముఖ్యమంత్రి ఢిల్లీలో యూపీఎస్సీ ఛైర్మన్‌ను కలిసి అక్కడి విధానాన్ని తెలుసుకున్నారు. 2024 జనవరిలో ఛైర్మన్, సభ్యుల పదవులకు బహిరంగంగా దరఖాస్తులు ఆహ్వానించారు. అదంతా గ్రంథాలయాల్లో, అశోక్‌నగర్ గదుల్లో కూర్చున్నవాళ్లు రోడ్డు మీదికి రావడం వల్లే జరిగింది.

అయితే మనం ఒక విషయం అడగడం మరిచాం. రాష్ట్ర కమిషన్ సభ్యుల పదవీకాలం ఆరేళ్లు లేదా 62 ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అది. ఆ జనవరిలో నియమితులైన ఛైర్మన్, మాజీ డీజీపీ మహేందర్ రెడ్డికి అదే ఏడాది డిసెంబరులో 62 నిండాయి. గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చి, ప్రిలిమినరీ, మెయిన్స్ జరిపేవరకు ఉన్నారు, ఫలితాల నాటికి ఛైర్మన్ మారిపోయారు. ఆయన సమర్థత మీద నేను వ్యాఖ్యానించడం లేదు. ఏడాది కూడా మిగలని వ్యక్తికి ఛిన్నాభిన్నమైన సంస్థను అప్పగించవచ్చా అని అప్పుడు మనలో ఎవరమూ అడగలేదు. అందరం వ్యక్తి మంచివాడా కాదా అన్నదే మాట్లాడుకున్నాం. నియామకం నాటికి కనీసం మూడేళ్లు మిగిలి ఉండాలన్న ఒక్క వాక్యం వినతిపత్రంలో ఉంటే చాలా పేర్ల గొడవ అక్కడే తీరుతుంది.

అశోక్‌నగర్_పాఠకుడు

ఈ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా చేర్చుకుంటున్నాను. మా గదిలో అందరూ ఒప్పుకున్నారు, పెద్దాయనతో సహా.

కొండాపూర్_ఇంజినీరు

మరొకటి చేర్చండి. అమెరికాలో 2024 దాకా అధ్యక్ష ఎన్నిక జరిగిన ప్రతిసారీ ప్రభుత్వం నింపగల పదవులన్నిటి జాబితాను పుస్తకంగా ప్రచురించేవారు, ప్లమ్ బుక్ అనేవారు. కొత్త అధ్యక్షుడు నింపే సుమారు 4,000 రాజకీయ నియామకాలు, అందులో సెనేట్ ఆమోదం కావలసినవి ఏవో, ఎవరి పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో అందులో తెలిసేది. ఒక నియామకార్థి 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన తర్వాత, 1883లో ప్రతిభ ఆధారంగా ఉద్యోగాలిచ్చే చట్టం చేసుకున్న దేశం అది. పదవుల పంపకాన్ని కళ్లముందు ఉంచడం ఎంత అవసరమో వారికి రక్తపాతంతో తెలిసింది. ఇక్కడ కార్పొరేషన్లు ఎన్ని, కమిషన్లు ఎన్ని, ఏ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఒకచోట దొరకదు. ఆ జాబితా తెచ్చినవారికి నీలోఫర్ కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చు.

విశ్రాంత_సూపరింటెండెంట్

జాబితా విషయంలో నాకు అభ్యంతరం లేదు, ఇంకా చెప్పాలంటే అది ఎప్పుడో రావలసింది. ఆ వివరాలు ఆయా శాఖల్లో విడివిడిగా జీవోల రూపంలో ఉంటాయి. పదవీకాలం ముగిసే తేదీని ముందుగా గుర్తుచేస్తూ ఫైలు పెట్టడం కింది స్థాయి సిబ్బంది పని. పైనుంచి అడిగేవారు లేకపోతే ఆ ఫైలు కదలదు. పేర్ల మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.

సహ_దరఖాస్తుదారు

శాఖలవారీగా దరఖాస్తులు నేను పెడతాను. ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే వెల్లడించవలసిన వివరాలు సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో ఉన్నాయి. సూపరింటెండెంట్ గారు ఏ శాఖలో ఏ విభాగానికి రాయాలో చెబితే సగం శ్రమ తగ్గుతుంది.

విశ్రాంత_సూపరింటెండెంట్

తప్పకుండా చెబుతాను. విడిగా సందేశం పంపండి.

నల్లకుంట_వకీలు

తేదీల ప్రస్తావన వచ్చింది కాబట్టి లెక్క వేసి చూశాను. మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ పదవీకాలం 2022 డిసెంబరులో ముగిసింది, సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. ఎన్నికలు 2023 నవంబరులో జరిగాయి. వెళ్లిపోయే ప్రభుత్వం ఎన్నికల హడావిడిలో నింపలేదు, వచ్చిన ప్రభుత్వం కుదురుకునే హడావిడిలో నింపలేదు. చివరకు రెండూ 2025 ఏప్రిల్, మే నెలల్లో నిండాయి. రెండింటికీ ఇప్పుడు పదవీకాలం మూడేళ్లు. వయోపరిమితి అడ్డు రాకపోతే 2028 వేసవి నాటికి రెండూ మళ్లీ దాదాపు ఒకేసారి ముగుస్తాయి. తదుపరి ఎన్నికలు 2028 చివర్లో జరగాలి. అంటే గతంలో ఏర్పడిన ఖాళీ అదే రీతిలో, అదే సమయంలో మళ్లీ ఏర్పడబోతోంది.

మీ వినతిపత్రం కాబోయే ముఖ్యమంత్రికి మాత్రమే రాస్తే ఆలస్యమవుతుంది. ఒక ప్రతిని 2028 జనవరిలోనే అప్పటి ప్రభుత్వానికి, ప్రతిపక్ష నాయకుడికి కూడా ఇవ్వండి. ఎంపిక కమిటీలో ఇద్దరూ కూర్చోవాలి కాబట్టి ఇద్దరినీ అడగాలి.

పాతబస్తీ_టీచరమ్మ

ప్రతిపక్షానికి ఇచ్చే ప్రతి మీద మా బస్తీ మహిళా సంఘాల సంతకాలు నేను సేకరిస్తాను. ఉర్దూలో కూడా ఒక ప్రతి కావాలి.

అశోక్‌నగర్_పాఠకుడు

పేర్ల విషయం ఇలా రాస్తున్నాం: పత్రాల ఆధారం ఉన్న అభ్యంతరాలను మాత్రమే, సంతకాలతో, పేరు వచ్చిన వ్యక్తికి ముందుగా పంపి, వారి జవాబును కూడా జతచేసి ప్రభుత్వానికి ఇవ్వాలి. సంతకం చేసినవారు ఆ ప్రభుత్వంలో నామినేటెడ్ పదవి తీసుకోరు. మూడేళ్ల కనీస పదవీకాలం, ఖాళీల జాబితా, 2028 జనవరి గడువు చేరాయి. ఉర్దూ ప్రతి టీచరమ్మ గారి పర్యవేక్షణలో తయారవుతుంది. ముసాయిదా ఆదివారం సాయంత్రం సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చదువుతున్నాం, సూపరింటెండెంట్ గారు పేర్ల నిబంధన మీద తమ అభ్యంతరాన్ని అక్కడ వివరిస్తే దాన్నీ నమోదు చేస్తాం.

విశ్రాంత_సూపరింటెండెంట్

వస్తాను. జవాబు జతచేయాలన్న నిబంధనలో వ్యక్తికి ఎన్ని రోజుల గడువు ఇస్తారో రాయలేదు, పదిహేను రోజులకు తగ్గకూడదు.